గాజు స్టవ్‌ని గట్టిగా రుద్దొద్దు, నాననివ్వండి

గాజు మీద మరక ఇవాళ కాకపోతే రేపైనా పోతుంది. గీత పడితే మాత్రం ఇక అంతే. స్టవ్‌లు రిపేరు చేయడం నా పని. వంట చేసి చేసి పాడైన గాజు పలకలు నా కళ్లబడేది తక్కువ, శుభ్రం చేయబోయి పాడుచేసుకున్నవే ఎక్కువ. పాలు పొంగి ఎండిపోయాయని ఇనుప పీచు అందుకుంటారు, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి రుద్దుతారు. మరక వదులుతుంది. వదిలిన చోట వెంట్రుకంత సన్నటి గీతలు మిగులుతాయి. ఈసారి జిడ్డు వెళ్లి ఆ గీతల్లో చేరుతుంది. దాన్ని వదిలించడానికి మళ్లీ పీచు. నిగనిగలాడే పలక చూస్తుండగానే మసకబారిపోతుంది. అలాంటి స్టవ్ కనబడితే నాకు మనసు చివుక్కుమంటుంది. ఆ మరకకి గోరువెచ్చని నీళ్లు, ఓ ఇరవై నిమిషాలు ఇస్తే సరిపోయేది.

కావాల్సినవన్నీ ఇంట్లో ఉండేవే. గిన్నెలు తోమే లిక్విడ్, వంటసోడా, వెనిగర్ లేదంటే నిమ్మకాయ, మెత్తటి గుడ్డలు రెండు మూడు, పాత టూత్‌బ్రష్, గడువు తీరిపోయిన ఏటీఎం కార్డు ఒకటి. గుడ్డలు మైక్రోఫైబర్‌వి అయితే మేలు, లేకపోతే బాగా ఉతికి మెత్తబడిన కాటన్ గుడ్డయినా చాలు. బొత్తాలు, జిప్పులు ఉన్న పాత చొక్కా ముక్క మాత్రం వద్దు.

ముందు మీ స్టవ్ మీదున్నది ఏ గాజో తెలుసుకోండి. గ్యాస్ స్టవ్ మీద సాధారణంగా ఉండేది టఫెన్డ్ గ్లాస్. మామూలు గాజునే 600 డిగ్రీలు దాటేదాకా వేడిచేసి, ఒక్కసారిగా చల్లగాలి కొట్టి తయారుచేస్తారు. దాంతో పైపొర నొక్కుకుపోయి గట్టిపడుతుంది, లోపలి భాగం మాత్రం ఎప్పుడూ లాగుతూనే ఉంటుంది. అందుకే అది పగిలిందంటే ఒక బీటతో ఆగదు, మొత్తం చిన్న చిన్న ముక్కలై రాలుతుంది. కరెంటు హాబ్‌లు, అంటే కరెంటుతో వేడెక్కే చదునైన పొయ్యి పలకలు, ఇండక్షన్ స్టవ్‌ల మీద ఉండేది గ్లాస్ సెరామిక్. ఇది పుట్టిన తీరు నాకు భలే ఇష్టం. 1953లో అమెరికాలో కార్నింగ్ కంపెనీలో డోనాల్డ్ స్టూకీ అనే శాస్త్రవేత్త ఒక గాజు ముక్కని 600 డిగ్రీల దగ్గర ఉంచాలనుకుంటే, ఫర్నేసు కంట్రోలు సరిగా పనిచేయక 900 దాకా వెళ్లిపోయింది. ముక్క కరిగి ఉంటుందనుకుని చూస్తే తెల్లగా గట్టిపడి ఉంది, చేజారి కిందపడినా పగల్లేదు. తర్వాత 1971లో జర్మనీకి చెందిన షాట్ కంపెనీ సెరాన్ పేరుతో స్టవ్ పలకలు తెచ్చింది. ఈ రకం గాజు వేడికి సాగదు, చల్లారితే కుంచించుకుపోదు. అందుకే ఒకచోట భగభగలాడుతున్నా పక్కన చల్లగానే ఉండగలుగుతుంది. టఫెన్డ్ గ్లాస్‌కి ఆ ధీమా లేదు. బాగా కాలిన పలక మీద తడిగుడ్డ వేస్తే పగిలిపోవచ్చు. గీతల సంగతికొస్తే రెండూ ఒకటే, రెండిటికీ ఇనుప పీచు, ఇసుక, గట్టి స్క్రబ్బరు శత్రువులే.

ఏ రకమైనా సరే, చల్లారాకే చేయిపెట్టండి. కరెంటు హాబ్ అయితే వేడి ఉందని చెప్పే ఎర్రదీపం ఆరేదాకా ఆగండి. గాజు పగలకపోయినా, వేడి మీద చల్లిన క్లీనరు అక్కడికక్కడే కాలి తానే ఒక మరకవుతుంది. కరెంటు హాబ్ మీద పొంగిన చక్కెర, కరిగి అంటుకున్న ప్లాస్టిక్, ఫాయిల్ మాత్రమే దీనికి మినహాయింపు, వాటి గురించి కింద చెప్తాను.

గ్యాస్ స్టవ్‌కి ఇంకో పని ఉంది. గ్యాస్ వాల్వు కట్టేసి, గిన్నెలు పెట్టే స్టాండ్లు, బర్నర్లు తీసి పక్కన పెట్టండి. బర్నర్ తీసిన చోట కన్నం మీద ఒక చిన్న కప్పు బోర్లించండి. నీళ్లు, సోడా పొడి లోపలికి పోతే తర్వాత మంట పసుపురంగులో, ఎగుడుదిగుడుగా వస్తుంది. "స్టవ్ కడిగినప్పట్నుంచీ సరిగా వెలగట్లేదండీ" అని నాకు వచ్చే పిలుపుల్లో చాలా వాటికి కారణం ఇదే. స్ప్రే సీసాతో స్టవ్ మీద కొట్టొద్దు, గుడ్డ మీద కొట్టుకోండి. నాబ్‌ల కింద కూడా కన్నాలే ఉంటాయి.

తుడిచే ముందు పొడిగుడ్డతో గాజు మీదున్న రవ్వలు, గింజలు, ధూళి అన్నీ ఎత్తేయండి. చాలామంది ఈ పని మానేసి నేరుగా తడిగుడ్డ వేస్తారు. ధూళిలో ఇసుక రేణువు ఒక్కటున్నా గుడ్డ కింద చిక్కుకుని గాజంతా గీసుకుంటూ పోతుంది. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేలు మీద ఇసుకలోని క్వార్ట్జ్ 7, గాజు దాదాపు 5.5, వంటసోడా 2.5. గట్టిదే మెత్తనిదాన్ని గీస్తుంది. సోడాతో గాజు గీసుకుపోకపోవడానికీ, ఇసుకతో గీసుకుపోవడానికీ కారణం ఇదే. గట్టి స్క్రబ్బర్లలో చాలా వాటికి అంటించే అల్యూమినియం ఆక్సైడ్ పొడి 9 దగ్గర ఉంటుంది. అది గాజు దగ్గరికే రాకూడదు.

రోజువారీ పని చిన్నదే. గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కలు లిక్విడ్ వేసి, గుడ్డ ముంచి గట్టిగా పిండి తుడవండి. ఇంకో గుడ్డతో సబ్బు తీసేయండి. పొడిగుడ్డతో ఆరబెట్టండి. ఈ మూడోది మానేస్తేనే నీటిచుక్కలు తెల్లటి మచ్చలుగా మిగిలేది.

ఎండిన పాల పొంగుకి సోడా కూడా అక్కర్లేదు. గుడ్డని వేడినీళ్లలో ముంచి, నీళ్లు కారకుండా పిండి, చల్లారిన గాజు మీద మరకని కప్పుతూ పరవండి. పావుగంట ఆగి గుడ్డ అంచు ఎత్తి చూడండి. గోధుమరంగు చుట్టు లేత మీగడ రంగుకి వస్తుంది, అంచుల దగ్గర కాగితంలా పైకి లేస్తుంది. లేచిన అంచు కిందకి కార్డు పోనిచ్చి తోస్తే ముక్కలుగా ఊడొస్తుంది. మధ్యలో ఊడనిది ఉంటే గీకొద్దు, గుడ్డ మళ్లీ ముంచి పరవండి.

మొండిది నూనె. కొత్త నూనె చుక్క లిక్విడ్‌తో పోతుంది. కానీ బర్నర్ చుట్టూ, హాబ్ అంచుల్లో రోజూ కాస్త కాస్త కాలుతూ వచ్చిన నూనె ఇక నూనెగా ఉండదు. వేడికి, గాలికి దాని అణువులు ఒకదానికొకటి అల్లుకుని వార్నిష్‌లా గట్టి పొర కడతాయి. తాకితే జిగురుగా, ఇంకా పాతదైతే గాజంత నున్నగా ఉంటుంది. దాని మీద సబ్బు ఎంత రాసినా జారిపోతుంది. మూడు చెంచాల సోడాకి ఒక చెంచా నీళ్లు, రెండు చుక్కలు లిక్విడ్ కలిపి ముద్ద చేయండి. మరక మీద మందంగా రాసి, వెచ్చటి తడిగుడ్డ కప్పి, అరగంట వదిలేయండి. సోడా ఎండిపోతే పని ఆగిపోతుంది, తడి ముఖ్యం. మధ్యలో గుడ్డని ఇంకోసారి వెచ్చటి నీళ్లలో ముంచుకోండి. అరగంట తర్వాత వేళ్ల కొసలతో, చిన్న చిన్న చుట్లుగా, బరువు వేయకుండా రుద్దండి. తెల్లటి ముద్ద మెల్లగా లేత గోధుమరంగులోకి మారుతుంటే పొర వదులుతున్నట్టే.

ఏళ్ల నాటి పొరైతే మొదటిసారికే మొత్తం రాదు, పైపొర ఒక్కటే వస్తుంది. అక్కడే చాలామంది విసిగిపోయి పీచు తీస్తారు. దయచేసి తీయకండి. తుడిచేసి ఆ రోజుకి ఆపేయండి, మర్నాడు మళ్లీ ముద్ద రాయండి. ఇంత పాత పొర కూడా రెండు మూడు పూటలు వరసగా సోడా పడితే సాధారణంగా లొంగుతుంది. గ్యాస్ స్టవ్‌లో గాజుకీ బర్నర్ చుట్టూ ఉండే స్టీలు చుట్టుకీ మధ్య సందులో ఉన్నదాన్ని టూత్‌బ్రష్‌తో తీయండి. ఆ సందులో మెత్తటి రబ్బరో సిలికానో ఉంటుంది, పిన్ను, కత్తి మొన పెట్టి పొడిస్తే చిరిగి, పొంగినవన్నీ గాజు కిందకి దిగుతాయి.

ఇప్పుడు చక్కెర సంగతి. పాకం, జామ్, తీపి ఏదైనా కరెంటు హాబ్ మీద పొంగితే చల్లారేదాకా చూడొద్దు. కరిగిన చక్కెర గాజుని పట్టేసుకుంటుంది. చల్లారుతూ అది కుంచించుకుపోతుంది, కింద గాజు మాత్రం కదలదు. ఆ లాగుడికి గాజు పైపొర చిన్న చిన్న పెచ్చులుగా లేచిపోతుంది, పలక మీద గుంటలు పడతాయి. వాటికి మందు లేదు. కాబట్టి వెంటనే స్విచ్ ఆపి, గిన్నె పక్కకి తీసి, చేతికి మందపాటి గ్లవ్ తొడుక్కుని, పొడవాటి పిడి ఉన్న స్క్రేపర్‌తో కరిగి ఉండగానే చల్లటి భాగం వైపు తోసేయండి. ప్లాస్టిక్ కవరు, అల్యూమినియం ఫాయిల్ కరిగి అంటుకున్నా ఇదే పద్ధతి. ఏటీఎం కార్డు ఇక్కడ పనికిరాదు, అదీ కరుగుతుంది. గ్యాస్ స్టవ్ టఫెన్డ్ గ్లాస్ మీద ఇలా చేయొద్దు. మంట ఆపి, గాజు చల్లారాక వెచ్చటి తడిగుడ్డ పరవండి. చక్కెర నీళ్లలో కరిగేదే కాబట్టి నిదానంగా వస్తుంది.

స్క్రేపర్ గురించి ఒక మాట. ఒంటివైపు పదును ఉన్న బ్లేడు స్క్రేపర్ గ్లాస్ సెరామిక్‌కి మంచి పనిముట్టే, భయపడక్కర్లేదు. గాజుకి 30 డిగ్రీల వాలులో, బ్లేడు రెండు మూలలూ సమంగా ఆనేలా పెట్టి ముందుకే తోయండి, వెనక్కి లాగొద్దు. గాజు తడిగా ఉండాలి. బ్లేడు అంచుకి గంటు పడిందేమో వెలుతుర్లో చూసుకోండి, గంటు పడితే పారేయండి. టఫెన్డ్ గ్లాస్ మీదా, అక్షరాలు, బొమ్మలు ముద్రించిన చోటా బ్లేడు వద్దు, అక్కడ ప్లాస్టిక్ కార్డే.

తెల్లటి మచ్చలు, ఇంద్రధనుస్సు రంగుల మెరుపు కనబడితే అది నీళ్లలోని ఖనిజాల పని. వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి గుడ్డతో అద్ది, ఐదు నిమిషాలాగి తుడవండి. నిమ్మరసమూ పనిచేస్తుంది. ఆ పులుపు ఇత్తడి, అల్యూమినియం బర్నర్ల మీద నిలవుంటే వాటిని తింటుంది, అటు పోనీయకండి. సోడా వాడాక మిగిలే తెల్లటి పొరకి కూడా ఇదే వెనిగర్ నీళ్లు చాలు.

బూడిదరంగు గీతలు చూసి చాలామంది గాజు గీసుకుపోయిందని కంగారు పడతారు. గోరుని అడ్డంగా పోనిచ్చి చూడండి. గోరు ఎక్కడా ఆగకుండా జారిపోతే అది గీత కాకపోవచ్చు, అల్యూమినియం గిన్నె అడుగు వదిలిన లోహపు చార కావచ్చు. వెనిగర్ తడి మీద పది నిమిషాలుంచి, చిటికెడు సోడా ముద్దతో మెత్తగా రుద్దితే చాలావరకు పోతుంది. గిన్నెని గాజు మీద ఈడ్చకుండా ఎత్తి జరిపితే ఇవి పడనే పడవు.

సోడా, వెనిగర్ రెండూ ఒకేసారి పోసి నురగ రప్పించడం బాగా పాకిపోయింది. నురగ చూడ్డానికి ఏదో జరుగుతున్నట్టే ఉంటుంది, కానీ ఆ బుడగలు కార్బన్ డయాక్సైడ్. క్షారం, ఆమ్లం ఒకదాన్నొకటి చంపేసుకుని చివరికి మిగిలేది కాస్త ఉప్పునీరు లాంటిది. నూనెకి సోడా, ఖనిజాల మచ్చకి వెనిగర్, దేని పని దాన్ని చేయనివ్వండి. అసలు ప్రమాదం బ్లీచింగ్ ద్రావణంతో. దాన్ని వెనిగర్‌తో కలిపితే క్లోరిన్ గ్యాస్, అమ్మోనియా ఉన్న గాజు స్ప్రేతో కలిపితే ఇంకో విషవాయువు వస్తాయి. వంటగది మూసి ఉంటే ఊపిరాడదు. స్టవ్‌కి బ్లీచ్ అవసరమే లేదు, ఆ సీసా బయటికి తీయకండి.

అంతా అయ్యాక బర్నర్లు పూర్తిగా ఆరాకే పెట్టండి, కన్నాల్లో చిక్కుకున్నది పిన్నుతో తీయండి, మూతలు గాడిలో సరిగా కూర్చున్నాయో లేదో చూడండి. తర్వాతే గ్యాస్ వాల్వు తెరవండి.

శుభ్రమైన గాజు మీద ఒకసారి టార్చి లైటు పక్కనుంచి ఏటవాలుగా వేసి చూడండి. మరకల కింద దాక్కున్న పగులు ఇప్పుడే బయటపడుతుంది. కరెంటు హాబ్‌కి సన్నటి పగులున్నా మెయిన్ స్విచ్ ఆపేయండి. పొంగిన నీళ్లు అందులోంచి లోపలి వైర్ల దాకా పోతే షాక్ కొడుతుంది. గ్యాస్ స్టవ్ అంచుకి పెచ్చు లేచినా, గోరు ఆగేంత లోతు గీత కనబడినా వాల్వు కట్టేసి, పలక మార్పించేదాకా వెలిగించకండి. అప్పటిదాకా దాని మీద బరువైన గిన్నె కూడా పెట్టొద్దు.