ఎండలు ముదరకముందే టైమింగ్ బెల్ట్: చవకదా, ఖరీదైనదా?

మార్చి వచ్చిందంటే హైదరాబాద్‌లో కారున్నవాళ్ళు ఏసీ గ్యాస్ నింపిస్తారు, కూలెంట్ చూపించుకుంటారు. ఇంజిన్‌లో పిస్టన్ల కదలికకూ వాల్వులు తెరుచుకునే వేళకూ జత కుదిర్చే పళ్ళ రబ్బరు పట్టీ టైమింగ్ బెల్ట్ మాత్రం ఎవరికీ గుర్తుకు రాదు. అది బయటికి కనిపించదు, చప్పుడు చెయ్యదు, తెగే క్షణం దాకా బండి మామూలుగానే పరిగెడుతుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ ఎండలో, మూసిన బానెట్ కింద, కాలుతున్న టర్బోకు (ఇంజిన్‌లోకి గాలిని నెట్టేది) జానెడు దూరంలో తిరిగే రబ్బరు బెల్ట్ సంగతి చెప్పాలా? గడువు దగ్గరపడిన బండి అయితే ఏప్రిల్ లోపే ఈ పని ముగించుకోవడం మంచిది. మే నెలలో గ్యారేజీలన్నీ ఏసీ పనులతో నిండిపోతాయి, మెకానిక్‌కు ఓపిక కూడా ఉండదు.

ముందు మీ ఇంజిన్‌లో ఉన్నది బెల్టా, లేక ఇనప గొలుసా (చైన్) అన్నది మాన్యువల్ చూసి తేల్చుకోండి. మన దగ్గర కుర్రాళ్ళు ముచ్చటపడి పెంచుకునే బండ్లలో అబార్త్ పుంటో, లీనియా టీ-జెట్, పాత ఆక్టేవియా ఆర్‌ఎస్‌లోని 1.8 టర్బో, ఫియెస్టా 1.6, పాత సిటీ వీటెక్ అన్నీ బెల్టువే. స్కోడా, ఫోక్స్‌వ్యాగన్ బండ్లలో ఇప్పటి 1.0, 1.5 టీఎస్‌ఐ టర్బో ఇంజిన్లవీ బెల్టులే. స్కోడా లారా, తర్వాతి ఆక్టేవియాల్లో వచ్చిన 1.8, 2.0 టీఎస్‌ఐలకు చైన్ ఉంటుంది. ఈ బెల్ట్ ఇంజిన్లలో బెల్ట్ తెగితే వాల్వులను తెరిచే క్యామ్ ఆగిపోతుంది, పిస్టన్లకు కలిసిన క్రాంక్ మాత్రం ఊపు మీద తిరుగుతూనే ఉంటుంది. తెరుచుకుని ఉన్న వాల్వులను పిస్టన్లు కిందనుంచి గుద్దుతాయి. వాల్వులు వంగుతాయి, హెడ్ (వాల్వులుండే ఇంజిన్ పైభాగం) దింపాలి, ఖర్మ బాగోకపోతే పిస్టన్ కూడా పోతుంది. గోటితో పోయేది గొడ్డలి దాకా వెళ్ళడం అంటే ఇదే.

పవర్ పెరిగితే బెల్ట్ మార్చాలా?

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఈసీయూ రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్‌లోని సెట్టింగులు మార్చడం) చేయించి ముప్పై, నలభై గుర్రాలు పెంచుకోగానే 'ఇంత పవర్‌ను మామూలు బెల్ట్ ఆపుతుందా' అని టెన్షన్ పడి, నీలం రంగు రేసింగ్ బెల్ట్ కోసం వెతుకుతారు. కానీ చక్రాలకు వెళ్ళే శక్తి ఈ బెల్ట్ మీదుగా పోదు. బెల్ట్ పని క్యామ్‌ను తిప్పడం. కొన్ని ఇంజిన్లలో దాంతోపాటు వాటర్ పంప్‌ను, ఇంకొన్నింటిలో ఫ్యూయల్ పంప్‌ను కూడా తిప్పుతుంది. దాని మీద పడే బరువును నిర్ణయించేవి వాల్వ్ స్ప్రింగుల బిగువు, క్యామ్ ఆకారం, ఇంజిన్ ఎన్ని ఆర్‌పీఎంకు (నిమిషానికి చుట్లు) వెళ్తుందన్నది. 6,000 ఆర్‌పీఎం దగ్గర ఒక్కో వాల్వ్ సెకనుకు 50 సార్లు తెరుచుకుంటుంది. తెరుచుకున్న ప్రతిసారీ బెల్ట్‌కు ఒక గుంజుడు. రెడ్‌లైన్‌ను (ఇంజిన్ తిరగగల గరిష్ఠ ఆర్‌పీఎం) 7,200కు పెంచితే అది 60 సార్లవుతుంది, స్ప్రింగులు గట్టివి వేస్తే ఒక్కో గుంజుడూ పెద్దదవుతుంది.

అంటే కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్న (స్టాక్) హెడ్, స్టాక్ స్ప్రింగులు, స్టాక్ రెడ్‌లైన్ ఉన్న రీమ్యాప్ బండికి రేసింగ్ బెల్ట్ అక్కర్లేదు. హెడ్ విప్పి పెద్ద క్యామ్‌లు, గట్టి స్ప్రింగులు వేసి, రెడ్‌లైన్ పెంచి, ట్రాక్ మీద గంటలకొద్దీ తిప్పేవాళ్ళకైతే ఆ డబ్బు దండగ కాదు. అలాంటి బెల్టుల్లో గాజు దారాల స్థానంలో అరామిడ్ (కెవ్లార్ లాంటి గట్టి కృత్రిమ నార) దారాలు వాడతారు, బలం ఎక్కువ. బలం ఎక్కువంటే ఆయుష్షు కూడా ఎక్కువని మాత్రం అనుకోవద్దు. రేసింగ్ బెల్ట్ వేశాం కదా అని కంపెనీ చెప్పిన గడువును దాటించడం తెలివైన పని కాదు.

రీమ్యాప్ బెల్ట్‌కు చేసే అసలు చెడు వేరే ఉంది. టర్బో ఎక్కువ పనిచేస్తే బానెట్ కింద వేడి పెరుగుతుంది. రబ్బరును తినేది ఆ వేడే. పాతకాలం బెల్టులు నియోప్రీన్ అనే రబ్బరువి, వేడికి తొందరగా గట్టిపడి పగుళ్ళిచ్చేవి. ఇప్పుడు మంచి బెల్టులన్నీ హెచ్‌ఎన్‌బీఆర్ అనే కృత్రిమ రబ్బరుతో వస్తున్నాయి, వేడినీ కొద్దిపాటి ఆయిల్‌నూ దానికన్నా చాలా మేలుగా తట్టుకుంటాయి. పళ్ళ మీద ఒక బట్ట పొర ఉంటుంది, అరుగుదలను ఆపేది అదే. చవక బెల్ట్‌లో ఏ రబ్బరు వాడారో, లోపలి దారం ఏమిటో డబ్బా మీద రాయరు. నాకు దాంతోనే పేచీ. తక్కువ ధర ఉండటం తప్పేమీ కాదు. దేనికి డబ్బు ఇస్తున్నామో తెలియకపోవడమే తప్పు.

అసలు చవక ఏది?

మార్కెట్లో దొరికేవి మూడు రకాలు. ఒకటి, కార్ల కంపెనీలకు సరఫరా చేసే గేట్స్, కాంటినెంటల్, డేకో లాంటి తయారీదార్ల బెల్ట్, వాళ్ళ సొంత డబ్బాలో. రెండు, అలాంటి బెల్టే కార్ కంపెనీ డబ్బాలో, ఎక్కువ ధరకు. మూడు, పేరు ఊరు లేని మాల్. నా లెక్కలో రోడ్డు మీద తిరిగే బండికి మొదటిదే సరైనది. షోరూమ్ డబ్బాకు అదనంగా కట్టేది నమ్మకం కోసం, అది అక్కర్లేదనను. నాలుగు చోట్ల తిరిగి అసలుదేదో నకిలీదేదో పట్టే ఓపిక లేకపోతే ఆ అదనపు డబ్బు కట్టేయండి.

రాణిగంజ్‌లో దొరకని స్పేర్ పార్ట్ ఉండదు, దొరకని డూప్లికేట్ కూడా ఉండదు. పేరున్న కంపెనీ డబ్బాలో మామూలు ధరకు సగానికే బెల్ట్ వస్తోందంటే అది అదృష్టం కాదు. డబ్బా మీది పార్ట్ నంబరు, బెల్ట్ వీపు మీద అచ్చయిన నంబరు ఒకటేనా చూడండి. అచ్చు చెదిరి ఉన్నా, వేలితో రుద్దితే ఊడొస్తున్నా వదిలేయండి. డబ్బా మీద క్యూఆర్ కోడ్ ఉంటే ఫోన్‌తో అక్కడికక్కడే చూసుకోండి. పక్కా బిల్లు అడగండి. బిల్లు అనగానే షాపాయన ముఖం మారిందంటే మీకు జవాబు దొరికినట్టే.

పళ్ళ సంఖ్య, వెడల్పు సరిపోయాయని పాత బెల్ట్ పక్కన పెట్టి కొలిచి కొనేవాళ్ళున్నారు. అది చాలదు. పళ్ళ ఆకారం గుండ్రంగా ఉన్నవి, కోసినట్టు ఉన్నవి వేరువేరుగా ఉంటాయి. ఆకారం తేడా ఉంటే బెల్ట్ పుల్లీ మీద సరిగ్గా కూర్చోదు, బరువు పడ్డప్పుడు ఒక పన్ను దాటుతుంది. ఇంజిన్ కోడ్ చెప్పి, పార్ట్ నంబరుతోనే కొనండి. కొన్నాక బెల్ట్‌ను మడిచి జేబులో కుక్కడం, లోపలి వైపు బయటికి తిప్పి చూడటం, ఎండలో డ్యాష్‌బోర్డ్ మీద పడేయడం వద్దు. లోపలి గాజు దారాలు ఒక్కసారి విరిగితే బయటికి ఏమీ తెలియదు.

బెల్ట్ ఒక్కటే మారిస్తే

"అన్నా, టెన్షనర్ మంచిగనే ఉంది, బెల్ట్ ఒక్కటే ఏద్దాం" అని మెకానిక్ మీ మేలు కోరే అంటాడు. టెన్షనర్ అంటే బెల్ట్‌ను బిగువుగా ఉంచే పుల్లీ. ఒప్పుకోకండి. తెగిన బెల్టుల కథల్లో చాలావాటికి మూలం బెల్ట్ కాదు, టెన్షనర్ బేరింగ్ పట్టేయడమో బెల్ట్‌కు దారి చూపే ఐడ్లర్ పుల్లీ విరగడమో. వాటర్ పంప్ కూడా అదే బెల్ట్ మీద తిరిగే ఇంజిన్లలో దాని బేరింగ్ పోయినా అంతే సంగతి. 1.8 టర్బో పాత వాటర్ పంపులకు ప్లాస్టిక్ రెక్కలుండేవి, అవి విరగడం ఆ బండి నడిపినవాళ్ళందరికీ తెలిసిన కథే. ఈ పనిలో లేబర్ ఖర్చు ఎక్కువ, సామాను విప్పడానికే సగం రోజు పోతుంది. అదంతా విప్పాక పాత టెన్షనర్‌ను మళ్ళీ బిగించడం మిగులు కానేకాదు. ఖరీదైన బెల్ట్, పాత టెన్షనర్ కంటే మధ్యరకం ధరలో పూర్తి కిట్ నయం. బెల్ట్, టెన్షనర్, ఐడ్లర్, అవసరమైన చోట పంప్ ఒకే కంపెనీవి ఒకే డబ్బాలో వస్తాయి.

క్యామ్, క్రాంక్ ఆయిల్ సీళ్ళు చెమ్మగిల్లి ఉంటే అవీ మార్చేయండి. కారిన ఆయిల్ మీద ఎంత గొప్ప బెల్ట్ వేసినా ఉబ్బి పాడవుతుంది. ఫోర్డ్ ఎకోస్పోర్ట్ 1.0 ఎకోబూస్ట్‌లో బెల్ట్ ఆయిల్‌లోనే తిరుగుతుంది, దాని రబ్బరు వేరు. అక్కడ జాగ్రత్త పడాల్సింది ఆయిల్ గ్రేడ్ విషయంలో. మాన్యువల్‌లో రాసినది తప్ప వేరేది పోయనివ్వకండి.

గడువు సంగతి ఒక్క మాట. మాన్యువల్‌లో కిలోమీటర్లతో పాటు ఏళ్ళు కూడా రాసి ఉంటే, ఏది ముందొస్తే అదే గడువు. ఆదివారం ఉదయం ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్) ఎక్కి దిగే బండి ఏడాదికి మూడు వేల కిలోమీటర్లు కూడా తిరగదు, కానీ రబ్బరుకు వయసు పెరుగుతూనే ఉంటుంది. రోజూ హైటెక్ సిటీ ట్రాఫిక్‌లో నిలబడే బండిది ఇంకో రకం గోల. ఓడోమీటర్ కదలదు, ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది, గాలి తగలదు. ఈ రెండు రకాల వాళ్ళూ కిలోమీటర్ల లెక్కను నమ్ముకోకూడదు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండికి బెల్ట్ మార్చిన బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకోండి. కవర్ తీసి చూస్తే కొత్తదానిలా కనిపించిందని ఊరుకోవద్దు. హెచ్‌ఎన్‌బీఆర్ బెల్ట్ పాతదైనా పగుళ్ళు చూపించకపోవచ్చు.

బిగించే రోజు

ఇంజిన్ పూర్తిగా చల్లారాకే బిగింపు సెట్ చెయ్యాలి. వేడికి అల్యూమినియం సాగుతుంది, వేడి మీద సరిపెట్టిన బిగింపు చల్లారాక వదులవుతుంది. అందుకే బండిని ముందురోజు రాత్రే గ్యారేజీలో వదిలి, పొద్దున్నే పని మొదలుపెట్టించండి. క్యామ్ పుల్లీని ఒకే చోట నిలిపే కీ లేని ఇంజిన్లుంటాయి, వాటికి క్యామ్, క్రాంక్‌లను కదలకుండా పట్టే లాకింగ్ టూల్స్ లేకుండా తెల్ల పెయింట్ గుర్తులతో పని కానిచ్చే మెకానిక్ ఎంత అనుభవమున్నా వద్దు. టూల్స్ ఉన్నాయా అని ముందే ఫోన్‌లో అడగండి, మొహమాటం వద్దు. బెల్ట్‌ను స్క్రూడ్రైవర్‌తో ఎగదోసి ఎక్కించనివ్వకండి. మళ్ళీ వాడకూడని బోల్టులకు కొత్తవి వేసి, బిగువును కొలిచే టార్క్ రెంచ్‌తో బిగించాలి. అంతా అయ్యాక స్టార్టర్ ముట్టుకోకముందు క్రాంక్‌ను పానాతో, ఇంజిన్ తిరిగే వైపే, రెండు పూర్తి చుట్లు తిప్పి గుర్తులు మళ్ళీ చూడాలి. మధ్యలో ఎక్కడైనా గట్టిగా తగిలి ఆగితే బలవంతం చెయ్యకూడదు. పాత భాగాలన్నీ ఇంటికి తెచ్చుకోండి. కొత్త కిట్ నిజంగా పడిందనడానికి అంతకన్నా సాక్ష్యం లేదు.

అదే చేత్తో ఆల్టర్నేటర్, ఏసీలను తిప్పే బయటి డ్రైవ్ బెల్ట్ కూడా మార్చండి. అది పీలికలై క్రాంక్ పుల్లీకి చుట్టుకుని, కింది కవర్ సందులోంచి దూరి టైమింగ్ బెల్ట్‌ను లాగేసిన సందర్భాలున్నాయి. కవర్ల క్లిప్పులన్నీ తిరిగి పడ్డాయో లేదో చూడండి. జూన్‌లో వాన పడి అండర్‌పాస్‌లు నిండాక, నీళ్ళతో పాటు ఇసుక, చిన్న రాళ్ళు లోపలికి వెళ్ళేది ఊడిపోయిన ఆ కవర్ సందుల్లోంచే.

మొదటి వెయ్యి కిలోమీటర్లు చెవి పెట్టి నడపండి. ఆర్‌పీఎంతో పాటు పెరిగే సన్నని ఈల కొత్తగా మొదలైతే బిగింపు ఎక్కువైందేమో చూపించాలి. పంప్ మార్చి ఉంటే కూలెంట్ మట్టం రెండు మూడుసార్లు చూసుకోండి.

ఇక గడువు దాటిన బెల్ట్‌తోనే శ్రీశైలం బయల్దేరి, నల్లమల మధ్యలో ఇంజిన్ ఒక్కసారిగా ఆగిపోయిందనుకోండి. మళ్ళీ సెల్ఫ్ కొట్టడమే అందరూ చేసే మొదటి పని. ఒక్కసారి కొట్టినప్పుడు ఎప్పటి దమ్ము లేకుండా సర్రున తేలిగ్గా తిరిగితే బెల్ట్ తెగిందనే అనుకుని అక్కడితో ఆపేయండి. నెట్టి స్టార్ట్ చేసే ప్రయత్నం అసలొద్దు. వంగకుండా మిగిలిన వాల్వులు కూడా అప్పుడే పోతాయి. అమ్రాబాద్ అడవి రోడ్డు రాత్రి తొమ్మిదికి మూసేస్తారు, కాబట్టి టోయింగ్ బండికి వెలుగుండగానే ఫోన్ చెయ్యండి. చాలా చోట్ల సిగ్నల్ ఉండదు, చెక్‌పోస్ట్ వైపు వెళ్ళే ఏ బండి ద్వారానైనా కబురు పంపండి. గ్యారేజీకి చేరాక హెడ్ విప్పేముందు కొత్త బెల్ట్ తాత్కాలికంగా వేసి కంప్రెషన్ (సిలిండర్లలో గాలి ఒత్తిడి) చూడమనండి. నాలుగు సిలిండర్లలో ఎన్ని పోయాయో దాన్నిబట్టి తెలుస్తుంది, బేరం ఆడటానికైనా పనికొస్తుంది.