పాత మ్యాక్ ఫార్మాట్ కొట్టే ముందు ఒక్క నిమిషం

కొత్త మ్యాక్ చేతికొచ్చిన సంబరంలో పాతదాన్ని శుభ్రంగా ఫార్మాట్ కొట్టి ఆఫీసులో అప్పగించేశాను. వారం తర్వాత యాప్ అప్‌డేట్ పంపాల్సి వచ్చింది. యాప్ మాదేనని సంతకం వేయడానికి కావాల్సిన సర్టిఫికెట్‌ను యాపిల్ డెవలపర్ ఖాతాలోంచి దింపుకుని డబుల్ క్లిక్ చేస్తే, కీలూ పాస్‌వర్డ్‌లూ దాచే కీచైన్‌లో బుద్ధిగా వచ్చి కూర్చుంది. యాప్‌లు తయారు చేసే ఎక్స్‌కోడ్ మాత్రం ప్రైవేట్ కీ, అంటే సంతకం వేసే రహస్య కీ, లేదంటూ మొండికేసింది. తప్పు పూర్తిగా నాదే. ఆ రాత్రి పడ్డ టెన్షన్ మీకు వద్దని ఇది రాస్తున్నాను.

కీచైన్ యాక్సెస్‌లో సర్టిఫికెట్ అసిస్టెంట్ తెరిచి సీఎస్‌ఆర్ (సర్టిఫికెట్ ఇమ్మని యాపిల్‌కి పంపే రిక్వెస్ట్ ఫైలు) తయారు చేస్తాం చూడండి, ప్రైవేట్ కీ అప్పుడే, ఆ మ్యాక్‌లోనే పుడుతుంది. యాపిల్‌కి వెళ్లేది పబ్లిక్ కీ మాత్రమే. తిరిగొచ్చే సెర్ (.cer) అనే సర్టిఫికెట్ ఫైల్లోనూ ఉండేది అదే. అందుకే దాన్ని వందసార్లు దింపుకున్నా కొత్త మెషీన్‌లో సంతకం పడదు. ఎక్స్‌కోడ్ 13 నుంచి యాపిలే కీ దాచిపెట్టే క్లౌడ్ సర్టిఫికెట్లు వచ్చాయి గానీ, చేత్తో చేసుకున్న పాతవాటికి ఆ సౌకర్యం వర్తించదు.

కాబట్టి పాత మ్యాక్ ఇంకా మీ దగ్గరే ఉండగా కీచైన్ యాక్సెస్ తెరవండి. మ్యాక్ ఓఎస్ సెకోయా వచ్చాక అది యుటిలిటీస్ ఫోల్డర్లో కనబడదు, స్పాట్‌లైట్‌లో వెతికితే దొరుకుతుంది. మై సర్టిఫికెట్స్‌లో మీ సర్టిఫికెట్ పక్కన చిన్న బాణం గుర్తు ఉండాలి. దాన్ని నొక్కితే కింద కీ కనిపించాలి. కనిపిస్తే సర్టిఫికెట్‌ను ఎంచుకుని, కీతో సహా ఉండే పి12 (.p12) ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసి, గట్టి పాస్‌వర్డ్ పెట్టండి. పి12 అన్న ఆప్షన్ వెలిసిపోయి నొక్కడానికి రాకపోతే కీ అక్కడ లేదన్నమాట. ఫైలునీ పాస్‌వర్డ్‌నీ ఒకే వాట్సాప్ గ్రూపులో పడేసేవాళ్లను చూశాను. దయచేసి ఆ పని చేయకండి. టీమ్ కోడ్ దాచుకునే గిట్‌లో అసలే వద్దు. కొత్త మ్యాక్‌లో ఇంపోర్ట్ చేసి, ఒక బిల్డ్‌కి సంతకం పడిందని కళ్లారా చూశాకే పాతదాన్ని ఫార్మాట్ చేయండి.

ఇంపోర్ట్ చేసేటప్పుడు మైనస్ 25294 అనే ఎర్రర్ వస్తే కంగారు పడొద్దు. ఎడమ వైపు లాగిన్ కీచైన్‌ను ఎంచుకుని, ఫైలును అందులోకి లాగి వదిలితే చాలాసార్లు సరిపోతుంది.

కీ పక్కనే ఉన్నా సర్టిఫికెట్ కింద నమ్మదగినది కాదని ఎర్రగా కనిపిస్తే అనుమానించాల్సింది మీ సర్టిఫికెట్‌ను కాదు, దానికీ, అన్నిటికీ మూలమైన యాపిల్ రూట్ సర్టిఫికెట్‌కీ మధ్య ఉండే డబ్ల్యూడబ్ల్యూడీఆర్ అనే ఇంటర్మీడియట్ సర్టిఫికెట్‌ను. 2016 ఫిబ్రవరి 14న దాని గడువు తీరినప్పుడు చాలామందికి సంతకాలు ఆగిపోయాయి. కొత్తది వేసుకున్నా కొందరికి పని కాలేదు. గడువు తీరిన పాతది కీచైన్‌లో నక్కి ఉండటమే కారణం. వ్యూ మెనూలో షో ఎక్స్‌పైర్డ్ సర్టిఫికెట్స్ నొక్కితే గానీ అది బయటపడదు. అప్పటి కొత్తదానికీ 2023 ఫిబ్రవరిలో కాలం చెల్లింది. ఇప్పుడు ఎక్కువగా కనిపించే జీ3 రకానికి 2030 దాకా గడువుంది. యాపిల్ సర్టిఫికెట్ అథారిటీ పేజీలో సరైనది దింపుకుని, పాతదాన్ని తీసేయండి.

ఈ గొడవలో చాలామంది చేసే పొరపాటు, ట్రస్ట్ సెట్టింగ్‌ను ఆల్వేస్ ట్రస్ట్‌కి మార్చడం. చూడ్డానికి ఎరుపు పోతుంది, సంతకం వేసే కోడ్‌సైన్ టూల్ మాత్రం అప్పుడే అసలు అలుగుతుంది. సిస్టమ్ డిఫాల్ట్స్ దగ్గరే ఉంచండి.

కీ నిజంగానే పోయిందనుకోండి. కొత్త సర్టిఫికెట్ చేసుకోవడమే దారి. సీఎస్‌ఆర్ మెనూ తెరిచే ముందు కీచైన్‌లో ఏ కీ మీదా క్లిక్ చేసి ఉంచకండి. ఉంచితే కొత్త కీ పుట్టకుండా ఆ కీతోనే రిక్వెస్ట్ తయారవుతుంది. పాత సర్టిఫికెట్‌ను రద్దు చేసే రివోక్ బటన్ నొక్కే ముందు టీమ్‌లో అందరినీ అడగండి. యాప్ స్టోర్‌లో ఉన్న యాప్‌కి ఏమీ కాదు, కానీ ఆ సర్టిఫికెట్‌తో ముడిపడ్డ ప్రొవిజనింగ్ ప్రొఫైళ్లన్నీ (యాప్‌కి నడవడానికి అనుమతిచ్చే ఫైళ్లు) మళ్లీ చేసుకోవాలి. కంపెనీ లోపల పంచే ఎంటర్‌ప్రైజ్ యాప్ అయితే ఉద్యోగుల ఫోన్లలో తెరుచుకోవడం మానేస్తుంది. యాప్ స్టోర్ బయట పంచే మ్యాక్ యాప్‌లకు వాడే డెవలపర్ ఐడీ సర్టిఫికెట్ జోలికైతే అసలు తొందరపడి వెళ్లకండి. దాన్ని రద్దు చేస్తే దానితో సంతకం చేసిన మ్యాక్ యాప్‌లను వాడకందార్లు ఇన్‌స్టాల్ చేసుకోలేరు.

డెవలప్‌మెంట్, యాప్ స్టోర్ డిస్ట్రిబ్యూషన్ సర్టిఫికెట్ల గడువు ఏడాదే. డెవలపర్ ఐడీకి 5 ఏళ్లు. గడువు తేదీకి నెల ముందే ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి. అది సంక్రాంతికి ఊరెళ్లే వారంలో పడితే ఇంకాస్త ముందుకు జరపండి. రైల్లో కూర్చుని హాట్‌స్పాట్ మీద సర్టిఫికెట్ మార్చిన అనుభవం నాకుంది, మళ్లీ వద్దు.