కార్చిచ్చు పొగ: చిత్రం ఒకటి చెబుతుంది, ముక్కు ఇంకొకటి చెబుతుంది

2023 జూన్ 7 మధ్యాహ్నం న్యూయార్క్ ఆకాశం నారింజ రంగుకు తిరిగింది. కెనడాలోని క్యుబెక్ అడవుల పొగ వందల కిలోమీటర్లు దాటి వచ్చి మీద పడింది. నది ఇవతల న్యూజెర్సీలో ఉంటున్న నాకు అప్పటి నుంచి వేసవి వస్తే ఉపగ్రహ చిత్రాలు చూపే వెబ్‌సైటు నాసా వరల్డ్‌వ్యూ తెరవడం అలవాటైంది. తికమకపడ్డ చోట్లు ఇవి.

చిత్రంలో ఊరు శుభ్రం, కిటికీ తెరిస్తే పొగ వాసన

ముందు చిత్రం ఎప్పటిదో చూడండి. టెర్రా ఉపగ్రహం పగటిపూట ఒక్కసారి, ఉదయం వేళ దాటిపోతుంది. దట్టమైన పొగ ఇంకా ఉత్తరానే ఉంది కదా అని ఆ చిత్రాన్ని నమ్మి బాల్కనీలో బట్టలు ఆరేశాను. సాయంత్రం అన్నీ మళ్లీ ఉతికాను. పొగ కదలిక కావాలంటే, ఎప్పుడూ ఒకే చోటు మీద నిలిచి చూసే ఉపగ్రహం జియోస్ ఈస్ట్ చూడాలి. అమెరికా మీద 5 నిమిషాలకొక చిత్రం ఇస్తుంది. వరుసగా ఆడిస్తే పొగ అంచు ఎటు జరుగుతోందో తెలుస్తుంది. తేదీ విషయంలోనూ జాగ్రత్త: వరల్డ్‌వ్యూలో ఉండేది యూటీసీ, అంటే ప్రపంచమంతటికీ ఒకటే ప్రామాణిక సమయం. వేసవిలో మా గడియారం దానికంటే 4 గంటలు వెనక, కాబట్టి రాత్రి ఎనిమిదికే అక్కడ మర్నాడు వచ్చేస్తుంది.

సమయం సరిపోయినా పొగ కనిపించకపోతే తప్పు ఎండది. నడినెత్తి ఎండలో పలచని పొగ దాక్కుంటుంది. పొద్దు వాలాక, కిటికీలోంచి పడే ఎండలో దుమ్ము తేలినట్టు, బయటపడుతుంది.

చిత్రం నిండా పొగ, నేల మీద గాలి బాగానే ఉంది

ఉపగ్రహం పైనుంచి చూస్తుంది. పొగ నేలను రాసుకుంటూ ఉన్నా, నాలుగు కిలోమీటర్ల ఎత్తున పోతున్నా దానికి ఒకేలా కనిపిస్తుంది. అమెరికా ప్రభుత్వ గాలి నాణ్యత సైటు ఎయిర్‌నౌలో దగ్గరి కేంద్రం పీఎం 2.5 (ఊపిరితిత్తుల్లోకి పోయే అతి సన్నని ధూళి) చూడండి. తర్వాత అమెరికా వాతావరణ అంచనా నమూనా హెచ్‌ఆర్‌ఆర్‌ఆర్ స్మోక్ పటాలు రెండూ పక్కపక్కన పెట్టండి: ఒకటి నేల దగ్గరి పొగ, రెండోది గాలి స్తంభం మొత్తంలోని పొగ. రెండోదే ఎర్రగా ఉంటే సూర్యుడు కుంకుమబొట్టులా కనిపిస్తాడు గాని ఊపిరికి ఇబ్బంది లేదు. అయినా మధ్యాహ్నం మళ్లీ చూడండి. నేల వేడెక్కి గాలి కలగాపులగమైతే పై పొగ కిందికి దిగవచ్చు.

మేఘమా, పొగా?

వరల్డ్‌వ్యూలో 7-2-1 బ్యాండ్ల చిత్రానికి (కంటికి కనిపించని పరారుణ కాంతిని కూడా కలిపి కృత్రిమ రంగుల్లో చూపే పొర) మారండి. నీటి మేఘం తెల్లగానే నిలుస్తుంది. పొగ పలచని నీలి పొరగా చిక్కిపోయి కింది నేల కనిపిస్తుంది. ఎత్తైన మంచు మేఘాలు కూడా నీలంగానే ఉంటాయి, వాటితో పొరబడకండి.

ఏరోసాల్ పటంలో దట్టమైన చోటే ఖాళీ

ఏరోసాల్ అంటే గాలిలో తేలే సన్నని కణాలు. వాటిని లెక్క కట్టే పద్ధతి మరీ చిక్కని పొగను మేఘమనుకుని వదిలేస్తుంది. ఓఎంపీఎస్ అనే ఉపగ్రహ పరికరం ఇచ్చే ఏరోసాల్ సూచీ చూస్తే సరి.

గాలి బాణం ఒకవైపు, పొగ ఇంకోవైపు

మీరు చూస్తున్నది నేల మీది గాలి. పొగ పోయేది పై గాలితో. 850 హెక్టోపాస్కల్ (సుమారు ఒకటిన్నర కిలోమీటరు), 700 (సుమారు మూడు) స్థాయిలు చూడండి. ఆ జూన్‌లో నోవా స్కోషియా వైపు తిష్ఠ వేసిన అల్పపీడనం గడియారపు ముల్లుకు ఎదురుగా తిరుగుతూ క్యుబెక్ పొగను దక్షిణానికి తోసింది.

నల్లమల వైపు చూస్తే నల్లటి చీలికలు

పొగా కాదు, కాలిన అడవీ కాదు. టెర్రా చూపు వెడల్పు 2,330 కిలోమీటర్లు. భూమధ్యరేఖకు దగ్గరి ప్రాంతాల్లో రెండు దారుల నడుమ సందు మిగులుతుంది. 3,000 కిలోమీటర్లకు పైగా చూసే వేరే ఉపగ్రహ కెమెరా విర్స్ పొరకు మారితే ఆ సందు ఉండదు. జియోస్‌కు మాత్రం మన దేశం కనిపించదు.