వేరే రాష్ట్రం బండిని వరంగల్‌లో మన నంబర్‌కు మార్చుకోవడం ఎలా?

హన్మకొండ చౌరస్తాలో కాసేపు నిలబడితే ఏపీ 36, టీఎస్ 03, టీజీ 03 మూడు రకాల నంబర్లూ కనిపిస్తాయి. మూడూ ఇక్కడ రిజిస్టర్ అయిన బండ్లవే. 2014లో రాష్ట్రం వచ్చాక టీఎస్ అయింది, 2024 మార్చి నుంచి టీజీ అయింది. పాత నంబర్లు మార్చుకోవాల్సిన పని లేదు. చిక్కంతా ఎంహెచ్, కేఏ, సీజీ నంబర్లతోనే. కాళేశ్వరం దగ్గర గోదావరి వంతెన దాటితే మహారాష్ట్ర. ఏటూరునాగారం మీదుగా పోతే ఛత్తీస్‌గఢ్. అక్కడ చౌకగా దొరికిందని బండి కొనుక్కొచ్చి, ఏళ్ల తరబడి అదే నంబర్‌తో తిరిగేవాళ్లు మన దగ్గర చాలామంది ఉన్నారు.

మోటారు వాహనాల చట్టం 1988 దేశమంతటికీ ఒకటే. బండి మీద పన్ను వేసే అధికారాన్ని మాత్రం రాజ్యాంగం రాష్ట్రాలకు ఇచ్చింది. అందుకే మీ ఆర్సీ ఎక్కడైనా చెల్లుతుంది, లైఫ్ ట్యాక్స్ (బండి కొన్నప్పుడు ఒకేసారి కట్టే పన్ను) మాత్రం కట్టిన రాష్ట్రానిదే. చుట్టపుచూపుగా వచ్చిన బండికి ఏ ఇబ్బందీ ఉండదు. ఇక్కడే కాపురం పెట్టిన బండికి ఇక్కడ మళ్లీ కట్టాలి. జరిమానాల్లోనూ ఈ తేడా ఉంది. 2019 సవరణ హెల్మెట్ లేకపోతే 1,000 రూపాయలు అంది, గుజరాత్ దాన్ని 500కు తగ్గించుకుంది. డ్రైవింగ్ లైసెన్స్ గురించి టెన్షన్ వద్దు, అది అన్నిచోట్లా చెల్లుతుంది.

ఇక అసలు పని. బండి కదలకముందే అక్కడి ఆర్టీవో ఆఫీసులో ఎన్‌ఓసీ, అంటే బండిని వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి అభ్యంతరం లేదనే పత్రం, తీసుకోండి. మిగతావన్నీ దీని తర్వాతే. మా తమ్ముడు పుణేలో ఉద్యోగం మానేసి వచ్చేటప్పుడు బైకును రైల్లో పార్సిల్ చేశాడు, ఎన్‌ఓసీ సంగతి మా ఇద్దరికీ తట్టలేదు. ఆ ఒక్క కాగితం కోసం మళ్లీ పుణే దాకా పోయి రావాల్సి వచ్చింది. ఎవరికీ ఆ తిప్పలు రాకూడదనే ఇంతగా చెప్తున్నాను.

ఎన్‌ఓసీకి ఫారం 28 నింపాలి. దాని మీద ఛాసిస్ నంబర్‌ను పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీస్తారు. ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ పెట్టాలి. పాత చలాన్లు ఉంటే ముందే కట్టేయండి. బండి మీద లోను ఉంటే బ్యాంకు నుంచి కూడా సమ్మతి పత్రం కావాలి. దరఖాస్తు ఇచ్చిన రసీదు జాగ్రత్త. 30 రోజుల్లో కాదని చెప్పకపోతే ఎన్‌ఓసీ ఇచ్చినట్టే లెక్క అని చట్టంలోని 48వ సెక్షన్ చెప్తోంది.

సెకండ్‌హ్యాండ్ బండి అయితే ఫారం 29, 30 మీద అమ్మినవాళ్ల సంతకాలు కూడా అక్కడే తీసుకోండి. కొన్నవాళ్లు 30 రోజుల్లో పేరు మార్పుకు దరఖాస్తు చేయాలి. ఢిల్లీ నుంచి వచ్చే పాత డీజిల్ కార్లు చౌక అని తొందరపడొద్దు. అక్కడి ఆంక్షల వల్లే వాటి ధర పడిపోయింది. ఆర్సీలో 15 ఏళ్ల గడువు ఇంకా ఎంత మిగిలిందో చూసి, ఇక్కడ కట్టాల్సిన ట్యాక్స్ కూడా కలుపుకొని లెక్క వేయండి.

బండి ఇక్కడికి చేరాక 12 నెలలు దాటి ఉంచుకుంటే కొత్త నంబర్ తప్పనిసరి. బండి ఏ రోజు వచ్చిందో రుజువు మీ దగ్గర ఉండాలి. టోల్ రసీదు, ఫాస్టాగ్ స్టేట్‌మెంట్, రైల్వే పార్సిల్ రసీదు, ఏదో ఒకటి దాచుకోండి. తనిఖీలో ఆపినప్పుడు వాదించే అవసరం లేకుండా ఆ కాగితమే చూపించవచ్చు. అయితే ఇక్కడే స్థిరపడినవాళ్లు ఏడాది గడువు ఉంది కదా అని ఆగకుండా ముందే మార్చుకోవడం మంచిదని నా అభిప్రాయం.

ఇక్కడ రవాణా శాఖ వెబ్‌సైట్‌లో స్లాట్ బుక్ చేసుకుని, ఆ రోజు బండితో సహా ఆర్టీఏ ఆఫీసుకు వెళ్లాలి. ఫారం 27, ఎన్‌ఓసీ, ఒరిజినల్ ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, ఇక్కడి అడ్రస్ ఉన్న ఆధార్ తీసుకెళ్లండి. బండి కొన్నప్పటి ఇన్‌వాయిస్ ఉంటే అదీ పట్టుకెళ్లండి. లైఫ్ ట్యాక్స్‌ను బండి ధర, వయసు చూసి లెక్కగడతారు కాబట్టి అది చాలా పనికొస్తుంది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బండి చూసి, ఛాసిస్ నంబర్ సరిపోల్చుకుంటారు.

కొత్త నంబర్ వచ్చాక ఇన్సూరెన్స్ కంపెనీకి రాసి పాలసీలో మార్పించండి, ఫాస్టాగ్‌లో కూడా. నంబర్ కలవకపోతే క్లెయిమ్ వేళ తిప్పిస్తారు. ఆ తర్వాత కొత్త ఆర్సీ కాపీ జతచేసి, పాత రాష్ట్రంలో మిగిలిన కాలానికి ట్యాక్స్ రీఫండ్ అడగండి. కొన్న రోజున అక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టిన రసీదు దానికి కావాలి, కాబట్టి పాతదే కదా అని పారేయకండి.