బాన్స్‌కోలో స్నోబోర్డింగ్: గొండోలా క్యూని బట్టే మిగతా ప్లానంతా

యూరప్‌లో మంచు అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది స్విట్జర్లాండే. బల్గేరియాలో, పిరిన్ కొండల కింద ఉన్న బాన్స్‌కో అంతకన్నా చాలా తక్కువ ఖర్చులో అయిపోతుంది. ఊరు వెయ్యి మీటర్ల లోపు ఎత్తులో ఉంటుంది, వాలులు దాదాపు 2,600 మీటర్ల దాకా వెళ్తాయి. ఇక్కడ ట్రిప్ చెడేది మంచు లేక కాదు, పొద్దున గొండోలా (తీగ మీద కొండపైకి వెళ్లే కేబిన్) దగ్గరా సాయంత్రం దిగే దారిలోనూ.

సీజన్ డిసెంబర్ మధ్య నుంచి ఏప్రిల్ దాకా. నమ్మదగ్గ మంచు జనవరి చివరి వారం నుంచి మార్చి మధ్య వరకు. క్రిస్మస్ నుంచి జనవరి మొదటి వారం దాకా వెళ్లకండి, జనమే జనం. ఫిబ్రవరి మధ్యలో బ్రిటన్ స్కూళ్ల సెలవులు పడతాయి, అప్పుడూ అంతే. సంక్రాంతి సెలవులకు ఇంకో నాలుగు రోజులు కలుపుకుంటే రద్దీ తక్కువ ఉండే రోజులే దొరుకుతాయి.

బల్గేరియా 2025 జనవరి 1 నుంచి పూర్తిగా షెంగెన్‌లో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలో) ఉంది, 2026 జనవరి 1 నుంచి అక్కడ యూరోనే నడుస్తోంది. భారత పాస్‌పోర్ట్ ఉంటే షెంగెన్ వీసా కావాలి, ఫీజు 90 యూరోలు. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచే దరఖాస్తు చేయొచ్చు. పనిలో పనిగా గ్రీస్ కూడా చూద్దామనుకుంటే, ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి. ఈ లెక్క తప్పితే వీసా తిరస్కరించే అవకాశం ఉంది.

హైదరాబాద్ నుంచి సోఫియాకు దోహా, దుబాయ్ లేదా ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వెళ్లొచ్చు. అక్కడి నుంచి బాన్స్‌కో సుమారు 160 కిలోమీటర్లు, కారులో రెండున్నర గంటలు. బస్సులో వెళ్లేవాళ్లు ఎయిర్‌పోర్టులోనే మెట్రో ఎక్కి, సెర్దికా స్టేషన్‌లో మారి, సెంట్రల్ రైల్వే స్టేషన్ దగ్గర దిగాలి. బస్టాండ్ ఆ పక్కనే. సెప్టెంవ్రి అనే ఊరి నుంచి బాన్స్‌కోకు ఒక నారోగేజ్ రైలు కూడా ఉంది. చూడముచ్చటగా ఉంటుంది, కానీ దాదాపు ఐదు గంటలు పడుతుంది. బోర్డు బ్యాగుతో ఆ ముచ్చట వద్దు.

ఇక అసలు విషయం. ఊళ్లోంచి పైన వాలులు మొదలయ్యే బందేరిష్కా పోల్యానాకు ఎక్కువమంది వెళ్లేది ఒకే గొండోలాలో. రద్దీ రోజుల్లో తొమ్మిదింటికి వస్తే గంటకు పైగా నిలబడాల్సిందే. అందుకే గది గొండోలాకు నడిచి వెళ్లే దూరంలో తీసుకుని, తెరవడానికి ముప్పావు గంట ముందే క్యూలో ఉండండి. నలుగురైదుగురు ఉంటే ట్యాక్సీ మాట్లాడుకుని రోడ్డు మీదుగా పైకి వెళ్లిపోవడం మేలు. లిఫ్ట్ పాస్, అద్దె సామాన్లు ముందురోజు సాయంత్రమే తీసుకోండి. పొద్దున షాపులో పోయే అరగంట క్యూలో గంటవుతుంది.

అద్దె షాపులో బోర్డు కన్నా బూట్ల మీదే ఎక్కువ సమయం పెట్టండి. నిటారుగా నిలబడితే కాలివేళ్లు ముందు అంచుకు తగిలీ తగలనట్టుండాలి, మోకాళ్లు వంచితే మడమ లేవకూడదు. సాక్స్ ఒక్క జతే. రెండు జతలు వేస్తే రక్తప్రసరణ తగ్గి పాదాలు ఇంకా చల్లబడతాయి. నేర్చుకునేవాళ్లకు బోర్డు నిలబెడితే గడ్డానికీ ముక్కుకీ మధ్య వస్తే చాలు. పాదం యూరప్ కొలతలో 44 సైజు దాటితే వైడ్ బోర్డు అడగండి, లేకపోతే మలుపులో బూటు కొన మంచుకు రాసుకుని పడేస్తుంది. ఏ కాలు ముందుండాలో తేలకపోతే, సాక్స్‌తో నున్నటి గచ్చు మీద జారి చూడండి: ముందుకు పోయిన కాలే మీ ముందు కాలు. బైండింగ్ (బూటును బోర్డుకు బిగించే పట్టీ) కోణం ముందుది +15, వెనకది -9 డిగ్రీల దగ్గర మొదలుపెట్టించుకోండి. మణికట్టు గార్డులు మన దేశం నుంచే తీసుకెళ్లండి. కొత్తవాళ్లు పడేటప్పుడు చేతులు చాపుతారు, మొదట విరిగేది మణికట్టే. లోపల కాటన్ బనియన్ వద్దు, చెమటకు తడిసి ఒళ్లు గడ్డకట్టిస్తుంది.

మొదటి మూడు రోజులు పాఠాలు తీసుకుని బందేరిష్కా పోల్యానా దగ్గరే ఉండండి. సాయంత్రం ఊళ్లోకి దిగే స్కీ రోడ్డు పేరుకి సులువే, స్కీ వాళ్లకి. కొన్ని చోట్ల అది చదునుగా ఉంటుంది. స్నోబోర్డు అక్కడ ఆగిపోతే, చేతిలో కర్రలు ఉండవు కాబట్టి, ఒక కాలు విప్పి తోసుకుంటూ నడవాల్సిందే. పైగా సాయంత్రం మంచు గట్టిపడి ఉంటుంది, పక్కనుంచి జనం దూసుకుపోతుంటారు. వేగంగా నేరుగా వెళ్లడం వచ్చేదాకా గొండోలాలోనే దిగండి.

శాకాహారులకు మెహనాల్లో (అక్కడి సంప్రదాయ భోజనశాలల్లో) షోప్‌స్కా సలాడ్ (కూరగాయలు, చీజ్), బానిత్సా (చీజ్, గుడ్డు వేసి కాల్చే పొరల పేస్ట్రీ) దొరుకుతాయి. చిక్కుడు గింజల సూప్‌లో ఒక్కోసారి మాంసం వేస్తారు, "బెజ్ మెసో" (మాంసం లేకుండా) అని అడగండి. జవాబు తల చూసి కాదు, నోటి నుంచే వినండి: అక్కడ తల పైకీ కిందకీ ఆడిస్తే కాదని అర్థం.

వీసాకు కనీసం 30,000 యూరోల బీమా తప్పనిసరి, కానీ మామూలు ట్రావెల్ పాలసీల్లో చాలావాటికి స్నోబోర్డింగ్ వర్తించదు. వింటర్ స్పోర్ట్స్ కవర్ విడిగా చేర్చుకుని, కొండ మీద నుంచి రక్షించి తెచ్చే ఖర్చు అందులో ఉందో లేదో చదవండి. లేకపోతే అక్కడ రోజువారీ కొండ బీమా చవగ్గా దొరుకుతుంది. గుర్తులు పెట్టిన వాలు దాటి వెళ్తే చాలా పాలసీలు చెల్లవు. అత్యవసరమైతే 112కు ఫోన్ చేసి, దగ్గర్లోని కర్ర మీదున్న వాలు పేరు, నంబర్ చెప్పండి.