వంట అదే, కొలత మార్చుదాం

ఆరోగ్యంగా తినాలనుకున్న ఇంట్లోకి ముందుగా కొత్త సరుకులు వస్తాయి. ఓట్సు, చియా గింజలు, కొర్రలు, ఎయిర్ ఫ్రయర్. నెల తిరిగేసరికి ఓట్సు డబ్బాలో పురుగు పడుతుంది; పప్పు, వేపుడు, చారు, పెరుగన్నం ఎప్పటిలాగే నడుస్తుంటాయి. ఆ వంటకాల్లో తప్పేమీ లేదు. వాటిలో రోజూ పడే నూనె, ఉప్పు, వాటితో తినే అన్నం, టీలో పంచదార, ఈ నాలుగింటి కొలత చూసుకుంటే చాలా దూరం వచ్చినట్టే. ఒక్కోదానికి రెండు మూడు వారాలివ్వండి. అన్నీ ఒకేసారి తగ్గిస్తే తిండి చప్పబడి, ఇంటిల్లిపాదీ వారానికే విసిగిపోతారు.

ముందు నూనెతో మొదలుపెట్టండి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, రోజుకు 2000 కిలోక్యాలరీలు తినే మనిషికి నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు సరిపోతాయి. అంటే రెండు టేబుల్ స్పూన్లు. ఈ లెక్కన ఐదు లీటర్ల డబ్బా నలుగురున్న ఇంటికి 42 రోజులు రావాలి. నెయ్యి బాగా వాడే ఇంట్లో ఇంకా ఎక్కువ రోజులు రావాలి. డబ్బా విప్పిన రోజున క్యాలెండర్‌లో గీత పెట్టండి. 25 రోజులకే ఖాళీ అవుతుంటే ఎంత తగ్గించాలో మీకే తెలుస్తుంది. ఆ రోజు నుంచి సీసాలోంచి నేరుగా మూకుట్లోకి ఒంపడం మానేసి, నూనె గిన్నెలో కొలవడానికి ఒక టేబుల్ స్పూను వేసి ఉంచండి. వేసే ప్రతి స్పూనూ లెక్కలోకి వస్తుంది.

ఎక్కువ నూనె పోయేది వేపుళ్లలో. అరకిలో దొండకాయలకు రెండు టేబుల్ స్పూన్లు చాలు, కాకపోతే పద్ధతి మార్చాలి. కాయలు కడిగి, తడి పూర్తిగా ఆరాక సన్నటి చక్రాలుగా తరగండి. మందపాటి ఇనుప మూకుట్లో ఒక స్పూను నూనెతో పోపు వేసి, ముక్కలు వేసి ఒక నిమిషం కలిపి, గుప్పెడు నీళ్లు చిలకరించి మూత పెట్టండి. సన్న సెగ మీద ఎనిమిది, పది నిమిషాల్లో ముక్క మెత్తబడుతుంది. అప్పుడు మూత తీసేసి, సెగ పెంచి, రెండో స్పూను నూనె అంచుల వెంట వేసి ఐదారు నిమిషాలు వేయించండి. ఉప్పు, కారం దించేముందు. ముక్క ఆవిరికి ఉడుకుతుంది, నూనె పని ఎర్రగా వేగడానికే మిగులుతుంది. మెత్తబడ్డాక కూడా మూత ఉంచితే కూర ముద్దవుతుంది. పల్చటి అల్యూమినియం మూకుడైతే కూర అడుగంటుతుంది, అంటుతోందని మళ్లీ నూనె పోస్తాం. ఇక్కడే చాలామంది విసిగి పాత పద్ధతికి వెళ్లిపోతారు. మూకుడు మారిస్తే ఈ ఇబ్బంది పోతుంది.

వంకాయ సంగతి వేరు. దాని కండ స్పాంజిలా ఉంటుంది కాబట్టి పచ్చి ముక్కను నూనెలో వేస్తే ఎంత పోసినా తాగేస్తుంది. ముక్కల్ని ఐదు నిమిషాలు ఆవిరి మీద ఉంచి, ఆ తర్వాత పోపులో వేయండి. కండ అణిగిపోయి ఉంటుంది కనుక నూనె అంతగా పీల్చదు.

గారెలు, పునుగులు వేసిన నూనెను వడకట్టి, ఒకటి రెండు రోజుల్లో కూరల తాలింపుకి వాడేయండి. దాన్ని మళ్లీ మూకుట్లో కాచి పిండివంటలు చేయకండి. నల్లబడినా, జిగురుగా మారినా, కాచినప్పుడు నురగ వచ్చినా పారబోయడమే.

ఉప్పు దగ్గర తొందర పనికిరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పే హద్దు రోజుకు 5 గ్రాముల లోపు, దాదాపు ఒక టీ స్పూను. ఇందులో ఊరగాయ, పొడులు, అప్పడాలు, బిస్కెట్లు, మిక్స్చరు అన్నీ కలిసే ఉన్నాయి. ఒక టేబుల్ స్పూను ఆవకాయలోనే గ్రామున్నర, రెండు గ్రాముల ఉప్పు ఉంటుంది. మధ్యాహ్నం పప్పులోకి ఒకసారి, పెరుగన్నంలోకి ఒకసారి వేసుకుంటే రోజు వాటాలో సగానికి పైగా అక్కడే అయిపోయింది. ఆవకాయ మానమని ఎవరూ చెప్పనక్కర్లేదు. జాడీలో గరిటె తీసి టీ స్పూను వేయండి, రోజుకు ఒక్క పూటే వడ్డించండి.

కూరలో ఉప్పును రెండు వారాలకోసారి పావు స్పూను చొప్పున తగ్గిస్తే తినేవాళ్లకు తెలియదు. నెలా నెలన్నరలో నాలుక అలవాటు పడి, పాత ఉప్పే ఎక్కువనిపిస్తుంది. చప్పగా అనిపించిన పూట నిమ్మరసం పిండండి. పులుపు తగిలితే ఉప్పు లోటు కనిపించదు. మెత్తటి ఉప్పు, కల్లుప్పు మార్చి మార్చి వాడితే స్పూను లెక్క తప్పుతుంది, ఎందుకంటే కల్లుప్పు స్పూనుకి తక్కువ తూగుతుంది. ఏది వాడినా ప్యాకెట్ మీద అయోడిన్ ఉందో లేదో చూడండి. పొటాషియం కలిపిన తక్కువ సోడియం ఉప్పును కిడ్నీ జబ్బున్నవాళ్లు, బీపీ మందులు వాడేవాళ్లు డాక్టరునడగకుండా మొదలుపెట్టకూడదు.

అన్నం ఎందుకు ఎక్కువవుతుందో మన భోజనం వరుసలోనే ఉంది. పప్పులోకి కొంచెం, కూరలోకి కొంచెం, చారులోకి కొంచెం, పెరుగులోకి మరి కొంచెం. ప్రతిసారీ కొంచెమే, కానీ నాలుగు వడ్డింపులు. అందుకే అన్నం మొత్తం మొదటే కంచంలో పెట్టుకుని, నాలుగు కుప్పలుగా విడదీసుకుని తినండి. రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు నిండా బియ్యం సుమారు 150 గ్రాములు. ఒక పూటకి ఇద్దరికి ఒక కప్పు పొయ్యండి. తగ్గిన అన్నం చోట కూర పెరగకపోతే నాలుగింటికల్లా ఆకలేసి చేయి మిక్స్చరు డబ్బా మీదకి పోతుంది. కాబట్టి అన్నం కలపకముందే ఒక కప్పు కూర, లేదా దోసకాయ ముక్కలు, గట్టిపప్పు వట్టిగా తినేయండి. అన్నం చివరికి జరిగితే రక్తంలో చక్కెర కూడా నెమ్మదిగా పెరుగుతుంది. కొర్రన్నం వండినా కొలత ఇదే.

టీకి ఒక్క ఏర్పాటు చాలు: పంచదార గిన్నెలో వేసి మరిగించకండి, ఎవరి కప్పులో వాళ్లు కలుపుకోవాలి. రోజుకు మూడు టీలు, రెండేసి స్పూన్లంటే దాదాపు 30 గ్రాములు. రెండు వారాలకోసారి అర స్పూను తగ్గించండి. బెల్లం వేసినా లెక్క మారదు.

రాత్రి భోజనం అవగానే పడుకోకుండా డాబా మీదో, వీధిలోనో పది, పదిహేను నిమిషాలు మామూలు నడక నడవండి. తిన్న వెంటనే కండరాలు కదిలితే రక్తంలోని చక్కెరను అవి వాడుకుంటాయి.

ఇంట్లో షుగరుకి ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడే పెద్దవాళ్లుంటే, వాళ్ల కంచంలో అన్నం తగ్గించే ముందే డాక్టరుకి చెప్పండి. మందు పాత మోతాదులోనే ఉండి అన్నం తగ్గితే షుగరు పడిపోవచ్చు. చెమటలు, వణుకు, తల తిరగడం కనిపిస్తే మూడు టీ స్పూన్ల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంట తర్వాత షుగరు పరీక్షించి చూడండి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.