పాస్టరుగారూ, ఆదివారం ప్రసంగం మధ్యలో జనం ధ్యాస జారిపోతోందా? తేడా ఎక్కడుందో చూడండి

కునికేవాళ్లను పేరుపెట్టి లేపడం, "ఆమేన్ అనండి" అని గొంతు పెంచడం మందు కాదు. త్రోయ పట్టణంలో అపొస్తలుడు పౌలు అర్ధరాత్రి దాకా మాట్లాడితే ఐతుకు అనే యువకుడు నిద్రలో జోగి మూడో అంతస్తు నుంచి పడ్డాడు (అపొస్తలుల కార్యములు 20:9). పౌలంతటివాడికే తప్పలేదు.

మాట వినబడుతోంది, అర్థం కావడం లేదు

ముందు మైకు చూడండి. పాటలకు పెట్టిన ఎకో అలాగే ఉంటే రేకుల షెడ్డులో ఒక మాట ఇంకో మాట మీద పడుతుంది. పాట అయిపోగానే ఎకో పూర్తిగా తగ్గించాలి. మైకు నోటికి బెత్తెడు దూరంలో, కొంచెం పక్కకు ఉండాలి. కూత పెడుతుంటే బాక్సులు మీ వెనక ఉన్నాయేమో చూసి ముందుకు జరపండి.

ఐదు నిమిషాల్లోనే చూపులు పక్కకు పోతున్నాయి

కారణం పీఠిక. వందనాలు, పోయిన వారం కూటాల ముచ్చట్లు, కరెంటు మీద ఒక జోకు. తొలి మూడు లైన్లు కాగితం మీద రాసుకోండి. వాక్యభాగంలోని మనిషో, అతని చిక్కో అందులోనే కనబడాలి.

పేజీల చప్పుడే తప్ప ఏమీ లేదు

రిఫరెన్సులు ఎక్కువయ్యాయి. చదువురాని పెద్దవాళ్లు రెండో రిఫరెన్సు దగ్గరే వదిలేస్తారు. ఒకే భాగం, మహా అయితే ఇంకో రెండు వచనాలు. పుస్తకం, అధ్యాయం, వచనం రెండుసార్లు చెప్పి, చప్పుడు ఆగేదాకా నిలబడండి.

"బాగా చెప్పారు" అంటారు, ఏం చెప్పారంటే చెప్పలేరు

అసలు జబ్బు ఇదే. తన ప్రసంగం ఒక్క లైనులో ఏమిటో పాస్టర్‌కే తెలియదు. రూతు 2వ అధ్యాయమే తీసుకోండి, పేద విధవ రూతు బోయజు చేలో పరిగె (కోతలో రాలిన కంకులు) ఏరుకునే భాగం. కోడలి ప్రేమ, బోయజు మంచితనం, క్రీస్తుకు ఛాయ, అన్నీ చెప్పాలనిపిస్తుంది. అన్నీ చెప్తే ఏదీ నిలవదు. శుక్రవారంలోపు అధ్యాయాన్ని నాలుగైదుసార్లు పైకి చదివి ఒక్క లైను రాయండి. ఉదాహరణకు: "బోయజు రూతుకు బిచ్చం వేయలేదు, ఏరుకోవడానికి మిగిల్చాడు." ఆధారం 16వ వచనంలోనే ఉంది: పనల్లోంచి కొన్ని పిడికిళ్లు లాగి కావాలనే వదిలేయమని పనివాళ్లకు చెప్పాడు. 17లో ఆమె సాయంత్రం దాకా ఏరి, తానే కొట్టి రాల్చుకుంది. ఈ లైనుకు పనికిరాని పాయింటు ఎంత బాగున్నా ఇంకో ఆదివారానికి దాచండి.

సాగర్ ఎడమ కాలువ కింద, మిర్యాలగూడ వైపు సంఘాల్లో, హార్వెస్టర్లు రాకముందు పరిగె ఏరిన పెద్దమ్మలు మీ ఎదురుగానే కూర్చుంటారు. వాళ్లకు పరిగె గురించి విడమర్చక్కర్లేదు. అట్లని బేత్లెహేము చేనును వరిమడి చేయకండి, అక్కడ కోసింది యవలు (బార్లీ).

ఉదాహరణ చెప్పగానే ముఖాలు మాడిపోయాయి

పాలమూరులో తప్పిపోయిన కుమారుడి గురించి (లూకా 15) చెప్తూ "మన పిల్లలు బొంబాయి పోయినట్టు" అన్నారనుకోండి. కొడుకు అక్కడ కూలికి పోయిన తల్లి ముందు వరుసలోనే ఉంటుంది. ఉపమానంలో చిన్నవాడు ఆస్తి పంచుకుపోయి తగలేశాడు. ఈమె కొడుకు అప్పు తీర్చడానికి పోయి డబ్బు పంపుతున్నాడు. ఇక ఆమె చెవికి ఏదీ ఎక్కదు. ప్రతి ఉదాహరణనూ శనివారమే పాస్టరమ్మకు చెప్పి చూడండి, ఆమె మొహమాటపడదు.

"చివరగా" అన్నాక ఇంకో ఇరవై నిమిషాలు

ఆఖరి లైను రాసుకోకపోవడమే కారణం. రాసుకుంటే "చివరగా" అని ఒక్కసారే అంటారు, రెండు నిమిషాల్లో ప్రార్థనకు వస్తారు. శనివారం ఫోన్‌లో టైమ్ పెట్టి నిలబడి మొత్తం పైకి చెప్పండి. ఇంట్లో 25 నిమిషాలు వచ్చింది సంఘంలో అరగంట దాటుతుంది. పత్తి ఏరే రోజుల్లో, ఎండాకాలం రేకుల కింద 20 నిమిషాలకే కుదించండి. తీసేయాల్సింది మధ్యలోని రెండో ఉదాహరణను, ముగింపును కాదు.